వంద వాట్ల నుంచి ఎనిమిది వాట్లకు

విజయవాడ

చిరంజీవి అమ్మడికి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

హాల్లోని 100 వాట్ల ఆంప్లిఫయరు తీసివేసి 8 వాట్ల వాల్వుల (పాత రేడియోలలో వెలిగే గాజు గొట్టాల) ఆంప్లిఫయరు పెట్టానని మీ అమ్మ చెప్పగానే, నాన్నకు చాదస్తం మొదలైందని నవ్వావట. నీవు కూడా కొత్త ఇంటికి ఒక సెట్టు కొనాలనుకుంటున్నావు కనుక, జరిగినది వివరంగా వ్రాస్తున్నాను.

ఆ వంద వాట్లను నేను కొన్నది అవసరం చూసి కాదు, అంకె చూసి. ఇంట్లో మామూలుగా వినే స్థాయికి స్పీకరు తీసుకునేది చాలాసార్లు ఒక వాటు కన్నా తక్కువే. మిగిలినదంతా మృదంగం దెబ్బ వంటి క్షణకాలపు ఉద్ధృతి కోసం ఉంచుకునే నిల్వ. ఆ నిల్వ ఎంత ఉండాలో తేల్చేది ముఖ్యంగా స్పీకరు. ఈ సంగతి తెలియక నేను మొదట కొత్త ఆంప్లిఫయరును పాత స్పీకర్లకే తగిలించాను. గాత్రం, వీణ హాయిగానే వినిపించాయి గాని, తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) మొదలయ్యేసరికి మృదంగం ఎడమ చేతి నాదం పగిలిపోయింది.

పాత స్పీకర్ల సెన్సిటివిటీ 86 డెసిబెళ్లు, అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వినిపించే ధ్వని అంత. తరువాత తెచ్చినవి 96. ఈ పది డెసిబెళ్ల తేడా వల్ల అదే ధ్వనికి పదో వంతు శక్తి సరిపోతుంది కనుక, వీటికి ఇచ్చే 8 వాట్లు పాత వాటికి ఇచ్చే 80 వాట్లతో సమానం. అదే 100 వాట్లను 200 చేసినా పెరిగేది మూడు డెసిబెళ్లే. నా కొత్త ఆంప్లిఫయరులోని 300బి అనే వాల్వును వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1930లలో తెచ్చింది. ఆ రోజుల్లో సినిమా హాళ్లే కొద్ది వాట్లతో నడిచాయంటే, అక్కడి సెన్సిటివిటీ ఎక్కువైన హారన్ (బూరా ఆకారపు) స్పీకర్ల చలవే. అయితే సెన్సిటివిటీతో పాటు మంద్రస్థాయి కూడా కావాలంటే పెట్టె పెద్దదవుతుంది. హాల్లోకి రెండు బీరువాలు వచ్చాయని మీ అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంది.

పాట ఇప్పుడు దగ్గరగా, తేటగా వినిపిస్తున్నది. అందులో వాల్వుల మహిమ ఎంతో విడదీసి చెప్పలేను గాని, పెద్ద వాటా స్పీకర్లదేనని నా అనుమానం. తక్కువ వాట్లంటే కరెంటు ఆదా అని మాత్రం అనుకోకు. పాట ఉన్నా లేకున్నా ఇది వందకు పైగా వాట్లు లాగి, దాదాపు అంతా వేడిగానే వదులుతుంది. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం పూట నేను దీని జోలికే వెళ్లను.

నీవు ముందు స్పీకర్లు ఎంచుకో. సెన్సిటివిటీ 90కి పైన ఉంటే, మీ చిన్న గదికి 20 వాట్ల ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు చాలు. వాల్వులది మాత్రం ఇప్పుడు వద్దు: పాప పాకుతున్నది, ఆ గాజు చేయి కాలేంత వేడెక్కుతుంది, లోపలి మూడు నాలుగు వందల వోల్టులు స్విచ్చి ఆపేసిన తరువాత కూడా కెపాసిటర్లలో (విద్యుత్తును నిల్వ ఉంచే భాగాలలో) కాసేపు నిలిచి ఉంటాయి. ఒకవేళ 86 వంటి స్పీకర్లే నచ్చితే వెంటనే వ్రాయి. అటక మీద ఉన్న పాత వంద వాట్ల దానిని దుమ్ము దులిపి, లారీ పార్సిల్లో పంపిస్తాను.

ఇట్లు,
నాన్న