తమ్ముడు ఇంటికొచ్చాడు, మీ అందరికీ దండాలు

మా తమ్ముడు నిర్దోషి అని హైకోర్టు తీర్పు చెప్పి ఇవాళ్టికి నలభై రోజులు. ఫోన్ చేసినవాళ్లకి థాంక్స్ చెప్పబోతే ఏడుపొచ్చేస్తోంది. అందుకే రాస్తున్నాను.

2017లో మా ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దావిణ్ణి చంపి గొలుసు పట్టుకుపోయారు. అంతకు ముందు వారం ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లింది తమ్ముడి ఆటోలోనే. వాడికి ఉన్న సంబంధం అంతే. 2019లో కింది కోర్టు యావజ్జీవం వేసింది. మొత్తం ఏడేళ్లు లోపలే ఉన్నాడు.

చీకట్లో చూశానన్న సాక్షి మీద నాకు కోపం లేదు. జైల్లో గుర్తింపు పరేడ్ పెట్టకముందే స్టేషన్లో ఆవిడకి తమ్ముడి ఫోటో చూపించారు. ఫోటోలో చూసిన మొహమే వరసలో కనబడితే ఎవరైనా దాన్నే చూపిస్తారు. ఇక గొలుసు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదు గానీ, ఆ మాటల వల్ల వస్తువు దొరికితే అంతవరకూ చెల్లుతుంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో 27వ సెక్షన్ అది. మావాడు చెబితేనే గొలుసు దొరికిందని మధ్యవర్తుల నివేదిక (వస్తువు దొరకడం కళ్లారా చూశామని బయటివాళ్లు సంతకం పెట్టే కాగితం) రాశారు. సంతకం పెట్టిన మధ్యవర్తి ఆ చోటికి వెళ్లనే లేదు. పొలం అమ్మి పెట్టుకున్న లాయరు ఆయన్ని రెండే ప్రశ్నలు అడిగి కూర్చున్నారు.

కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉంది. జైలుకొచ్చిన పారాలీగల్ వాలంటీరు, అంటే న్యాయసేవల సంస్థ తరఫున సాయం చేసే కుర్రాడు, చెప్పేదాకా మాకా సంగతే తెలీదు. బాబూ, నీకు ముందుగా దండం. (ఎవరికైనా అవసరమైతే ఆ సంస్థ నంబరు 15100కి ఫోన్ చేయండి.)

అలా వచ్చారు మా లాయర్ మేడమ్. మా ఇంట్లో చాప మీద కూర్చుని, "అమ్మా, వాణ్ణి ఏ రోజు పట్టుకెళ్లారు?" అని అడిగారు. ఏడేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అమ్మ లేచి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, అడుగునుంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల రిజిస్టర్ పోస్టు రసీదు. వాణ్ణి తీసుకెళ్లిన మర్నాడే, "నా కొడుకుని ఎక్కడ పెట్టారో చెప్పడం లేదు" అని మాస్టారి చేత పై అధికారికి అర్జీ రాయించి పంపింది. రసీదు మీద తేదీ 12. పోలీసుల కాగితాల్లో మాత్రం అరెస్టు, గొలుసు దొరకడం 16న. అంటే అంతకు ముందు నుంచే వాడు వాళ్ల దగ్గర ఉన్నాడు. అంకెలు సగం చెరిగిపోయాయి. మేడమ్ ఫోన్ లైటు వేసి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. అప్పీలులో ఆ రసీదుని అదనపు సాక్ష్యంగా తీసుకున్నారు.

మాస్టారూ, మీరు లేకపోతే ఆ అర్జీయే లేదు. ఆయేషా మీరా హత్య కేసులో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్న సత్యంబాబుని 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా వదిలేసిందన్న పేపరు కటింగు అమ్మకిచ్చి, "ఆ అబ్బాయి వచ్చాడు, మనవాడూ వస్తాడు" అనేవారు. అమ్మ ఆ మాట పట్టుకునే బతికింది.

నెలనెలా అమ్మని ములాఖత్‌కి తీసుకెళ్లి ఒక్క రూపాయి తీసుకోని ఆటోస్టాండు అన్నయ్యలకి, నా మేనకోడల్ని "హంతకుడి కూతురు" అన్న పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడిన టీచరమ్మకి ఏమిచ్చి రుణం తీర్చుకోను? నాన్న పోయినప్పుడు తమ్ముడు పోలీసుల మధ్య నిలబడి తలకొరివి పెట్టాడు. ఆ రోజు మా గుమ్మం తొక్కిన ప్రతి మనిషీ నాకు గుర్తే.

పరిహారం వస్తుందా అని అడుగుతున్నారు. ఇలాంటివాళ్లకి ఇంత ఇవ్వాలని మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. చట్టం తెమ్మని లా కమిషన్ 2018లోనే 277వ నివేదికలో చెప్పింది.

తమ్ముడు ఇప్పటికీ సాయంత్రం ఐదింటికే కంచం కడుక్కుని గోడవారన కూర్చుంటున్నాడు. జైల్లో అన్నం వేళ అది. మరదలు ఏమీ అనకుండా అప్పుడే వడ్డిస్తోంది.

చనిపోయిన పెద్దావిడ కొడుకు కూడా మా ఇంటికొచ్చారు. తమ్ముడి చెయ్యి పట్టుకుని, "మరి మా అమ్మని చంపిందెవరు?" అన్నారు. ఏం చెబుతాం? ఏడేళ్లూ మావాణ్ణే చూపించారు గానీ అసలు మనిషిని వెతకలేదు. అన్నా, మీరు వచ్చినందుకు మీకు కూడా దండం.

మేడమ్, ఆ రసీదు కోర్టు ఫైల్లోనే ఉండిపోయిందిగా. తిరిగి ఇస్తారేమో కనుక్కోమంటోంది అమ్మ. మళ్లీ బియ్యం డబ్బాలోనే పెట్టుకుంటుందట.