భార్యకే మందులిస్తే రోగం పోదు

సంపాదకుడి గారికి,

నమస్కారం. మాది కాజీపేట. ఇద్దరు పిల్లల తల్లిని, ఇంట్లోనే బట్టలు కుడతాను. నేను రాస్తున్నది నలుగురిలో చెప్పుకునే విషయం కాదు. అందుకే నా పేరు మీకు తెలిపాను గానీ అచ్చు వేయొద్దని కోరుతున్నాను.

పోయినేడాది నాకు తెల్లబట్ట, దురద, మూత్రంలో మంట మొదలయ్యాయి. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగాను. తగ్గకపోతే ఒక ప్రభుత్వ దవాఖానకు పోయాను. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర "ఏం తక్లీఫ్?" అని అడిగితే మెల్లగా చెప్పాను. "గట్టిగ చెప్పమ్మా, వినపడ్తలేదు" అన్నారు. వెనక లైన్లో మా గల్లీ ఆమె నిలబడి ఉంది. "కడుపునొప్పి" అని చెప్పేశాను. ఆ చీటీతో వేరే డాక్టర్ గది ముందు పొద్దంతా కూర్చుని, చివరికి ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

మర్నాడు మళ్లీ పోతే డాక్టరమ్మ బాగానే చూశారు. మందుల కిట్టు ఉచితంగా ఇచ్చారు. దాన్ని కొంగులో దాచుకుని ఇంటికి తెచ్చుకున్నాను. వారంలో తగ్గింది. నెలన్నరకు మళ్లీ మొదలైంది. అట్లా మూడుసార్లు. మూడోసారి ఒక నర్సు నన్ను పక్కకు పిలిచి, "అక్కా, మీ ఆయనకు కూడా పరీక్ష చేసి మందులియ్యాలె. నీకొక్కదానికే ఇస్తే మళ్ల నీకే వస్తది" అని చెప్పింది. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఆరు నెలల బాధ తప్పేది.

తెల్లబట్ట అంతా సుఖవ్యాధి కాదు. కానీ కలయిక వల్ల అంటుకునే ట్రైకోమోనాస్ అనే క్రిమి లాంటివి మగవాళ్లలో ఏ లక్షణమూ లేకుండా నెలల తరబడి దాగి ఉంటాయట. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో పరీక్ష చెప్పదు. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో కొట్లాటలు అవుతున్నాయో. మా ఇంట్లోనూ రెండు రోజులు మాటలు లేవు.

మా ఆయన సెంట్రింగ్ పనికి పోతాడు. ఓపీ పొద్దున పూటే, ఆదివారం ఉండదు. దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. పైగా ఆ కిటికీ దగ్గర నిలబడి చెప్పాలంటే సిగ్గు. చివరికి ప్రైవేటు ల్యాబులో పరీక్షలు చేయించుకుంటే రెండు రోజుల కూలి దానికే పోయింది. ఇద్దరం కలిసి మందులు వాడాక నాకు మళ్లీ రాలేదు. ఆ ఖర్చు కూడా పెట్టుకోలేని వాళ్లు గోడల మీద "గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం" అని రాసిన నంబర్లకు ఫోన్ చేస్తారు. లేదా ఊళ్లో ఆర్ఎంపీతో ఒక సూది వేయించుకుని ఊరుకుంటారు.

కడుపుతో ఉన్నప్పుడు ఆడవాళ్ల రక్తం తీసి హెచ్ఐవీ, సిఫిలిస్ చూస్తారు. నా రెండు కాన్పుల్లోనూ చూశారు. మగవాళ్లకు అట్లాంటి సందర్భమే లేదు. సిఫిలిస్ రక్తపరీక్షలో బయటపడుతుంది, పెన్సిలిన్‌తో నయమవుతుంది. పట్టించుకోకపోతే కడుపులో బిడ్డ చనిపోవచ్చు. గనేరియా, క్లమిడియా అనే సుఖవ్యాధులకు మూత్రం నమూనా చాలు. కానీ ఆ పరీక్ష అన్ని ప్రభుత్వ దవాఖానల్లో లేదు. లక్షణాలు చూసి మందులిస్తారు. మరి లక్షణాలే కనపడని ఆడవాళ్ల సంగతేమిటి? క్లమిడియా చాలామందిలో అట్లాగే చప్పుడు లేకుండా ఉంటుంది, కొందరిలో గర్భనాళాలు మూసేస్తుంది. పిల్లలు కావట్లేదని ఎంతమంది కోడళ్లు మాటలు పడుతున్నారో మనకు తెలియంది కాదు.

పెద్ద ప్రభుత్వ దవాఖానల్లో ఈ జబ్బుల కోసమే సురక్ష క్లినిక్‌లు ఉన్నాయని, ఐసీటీసీ అనే ప్రభుత్వ సలహా, పరీక్షల కేంద్రంలో హెచ్ఐవీ పరీక్ష ఉచితమని, 1097కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా సలహా చెబుతారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మన ఒప్పుకోలు లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయొద్దని, ఫలితం బయట పెట్టొద్దని 2017లో చట్టమే వచ్చింది. అనుమానం వచ్చిన మర్నాడే రక్తం ఇస్తే ఏమీ కనపడకపోవచ్చనీ, హెచ్ఐవీ, సిఫిలిస్‌కు మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకోవాలనీ అక్కడే చెబుతారు.

వరంగల్, హన్మకొండ జిల్లాల వైద్యాధికారులను నేను అడిగేది పెద్ద పని కాదు. సురక్ష క్లినిక్‌కు నేరుగా పోయేటట్టు గేటు దగ్గరే బోర్డు పెట్టండి. వారంలో ఒక్క రోజైనా సాయంత్రం తెరిచి ఉంచండి, కూలికి పోయే మగవాళ్లు వస్తారు. భార్యకు కిట్టు ఇచ్చినప్పుడు భర్త పేరున ఒక కార్డు రాసి ఇవ్వండి, ఆ కార్డు చూపిస్తే ఏమీ అడగకుండా లోపలికి పంపండి. ఓపీ కిటికీ దగ్గర జబ్బు పేరు నోటితో చెప్పించకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాజీపేట