పరీక్ష చేయకపోతే కేసు ఎక్కడి నుంచి వస్తుంది?

సంపాదకుడు గారికి,

ఊడ్పుల హడావుడిలో ఉండి ఆలస్యంగా రాస్తున్నాను. పోయిన వారం మీ జిల్లా పేజీలో అడుగున ఒక చిన్న వార్త వేశారు. ఎలుక జ్వరం కేరళ సమస్యనీ, మన దగ్గర కేసులేవీ నమోదు కాలేదనీ ఒక అధికారి సెలవిచ్చారట. సంతోషం. మరి ఈ సంగతి మా ఎలుకలకు ఎవరైనా చెప్పారా?

లెప్టోస్పైరోసిస్ అనే ఈ జబ్బు ఎలుకల మూత్రంలోని బ్యాక్టీరియాతో వస్తుంది. పశువులు, పందులు, కుక్కల నుంచీ రావచ్చు. ఆ నీళ్లలో, బురదలో దిగితే కాళ్ల మీది గీరుకున్న గాయాల్లోంచి ఒంట్లోకి పోతుంది. కేరళ, తమిళనాడు, గుజరాత్, మహారాష్ట్ర, అండమాన్లలో ఎక్కువంటారు. వరి చేలు, వానలు, వరదలు, ఎలుకలు ఉన్నచోటే దీనికి ఆటపట్టు. వీటిలో గోదావరి డెల్టాకు ఏది తక్కువైంది? మా చేలల్లో గట్టు గట్టుకీ బొరియలే. 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు ఎలుకలూ మనుషులూ ఒకే ఏటిగట్టు ఎక్కాం.

కేరళలో కేసులు కనబడుతున్నాయంటే అక్కడ వెతుకుతున్నారు కాబట్టి. 2018 వరదలప్పుడు నీళ్లలో దిగి పనిచేసేవాళ్లకు ఈ జబ్బు రాకుండా ముందే డాక్సీసైక్లిన్ బిళ్లలు పంచారు. ఇక్కడ జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెడతాడు. తగ్గకపోతే ఒక రక్తపరీక్ష రాసి టైఫాయిడ్ అంటారు, లేకపోతే వైరల్. పిక్కలు పట్టేసి, కళ్లు ఎర్రబడ్డా 'ఈ మధ్య చేలో దిగావా' అని అడిగేవాడు లేడు. కళ్లు పచ్చబడితే పసరు మందుకి తీసుకెళ్తారు. కిడ్నీల మీదికి వచ్చాక కాకినాడకో రాజమండ్రికో పరుగు. మొదట్లోనే పట్టుకుంటే చవక బిళ్లలతో పోయే జబ్బు ఇది. మనిషి పోతే 'కిడ్నీ ఫెయిల్' అని రాస్తారు. ఎలుక పేరు ఎక్కడా రాదు, కేసు నమోదు కాదు, అధికారి గారి మాట నిజమవుతుంది!

వ్యవసాయ శాఖ వాళ్లు నయం. నూకల్లో నూనె, బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి బొరియల్లో పెట్టిస్తారు. వరి దుబ్బు కొరికితే ఎలుక శత్రువు, మనిషికి జ్వరం తెస్తే దానికి ఫైలే లేదు. వ్యవసాయ శాఖ, వైద్య శాఖ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఏం పోతుందో తెలియదు.

అదే వార్తలో పొలంలోకి బూట్లు వేసుకుని దిగాలని సలహా కూడా ఉంది. మోకాలి లోతు దమ్ములో బూట్లతో ఒక్క సెంటు నాటి చూపించమనండి, ఊరంతా వచ్చి చూస్తాం.

ఇక మురుగు కాలువల సంగతి. కాటన్ దొర 1852 నాటికే ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చిపెట్టాడు. ఆ నీళ్లు పోయే దారైనా మనవాళ్లు చూసుకోవాలి కదా? గుర్రపు డెక్క తీసినట్టు బిల్లులు అవుతాయి, డెక్క మాత్రం అక్కడే ఉంటుంది. చేలల్లో నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. కూలీలు అందులోనే నాటుతారు, కలుపు తీస్తారు, జ్వరం వస్తే వాళ్లకే రోజు కూలి పోతుంది.

మీ విలేకరికి ఒక మనవి. ఈసారి ఆ అధికారి దొరికితే ఎన్ని కేసులు వచ్చాయని కాదు, ఈ వానాకాలంలో ఎలుక జ్వరం కోసం ఎంతమందికి పరీక్ష చేశారని అడగండి. ఆ అంకె మొదటి పేజీలో వేయండి, సున్నా అయినా సరే.

ఇట్లు,
ఒక రైతు, అయినవిల్లి మండలం