తిట్టాల్సింది ఆ పిల్లల్ని కాదు, బిడ్డా

లింగంపల్లి, ఏప్రిల్ 2024

చిన్నూ,

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ సీజన్ అయిపోయింది. 22 మ్యాచుల్లో గెలిచింది ఒక్కటి. ఎనిమిది పాయింట్లతో పట్టికలో అట్టడుగున ఉన్నాం. మన నెట్‌లో పడ్డ గోల్స్ 43. కప్పు గెలిచిన 2021-22లో లీగ్ దశలో మనం కొట్టినవీ సరిగ్గా 43 గోల్సే. రెండేళ్లకే ఆ అంకె మనకే ఎదురుతిరిగింది. తలుచుకుంటే కడుపు మండిపోతోంది.

మొన్న ఫోన్లో ఆ కుర్ర స్టాపర్‌ (గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్) గురించి నువ్వన్న మాట నాకు నచ్చలేదు. "వాడికి ఆటే రాదు నాన్నా, తీసి పారేయాలి" అన్నావు. అప్పుడు వాదన ఎందుకులే అని ఊరుకున్నా. కానీ ఆ మాట మనసులోంచి పోవట్లేదు, అందుకే రాస్తున్నా.

నాకు కోపం లేదనుకోకు. గచ్చిబౌలి స్టేడియంలో కూర్చుంటే, అవతలి వాళ్లకు కార్నర్ దొరికిన ప్రతిసారీ టెన్షనే. బంతి గాల్లోకి లేవగానే మన స్టాపర్లు ఇద్దరూ ఒక్కడి మీదికే వెళ్తారు. ఎడమవైపు డిఫెండర్ (లెఫ్ట్ బ్యాక్) బంతినే చూస్తూ ఉండిపోతాడు. వాడి వెనకనుంచి ఒకడు తాపీగా వచ్చి రెండో పోస్ట్ దగ్గర తలతో నెట్టేస్తాడు. అయిపోయాక నలుగురూ చేతులు చాచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇంకోటి, బంతిని క్లియర్ చేసేటప్పుడు పక్కకు కొట్టాలి కదా? మనవాళ్లు పెనాల్టీ బాక్స్ ముందు, సరిగ్గా అవతలి వాడి కాళ్ల దగ్గర పడేస్తారు. ఇవన్నీ ప్రాక్టీసులో సరిచేయాల్సిన తప్పులే, వెనకేసుకురావడం లేదు.

కానీ డిఫెన్స్ అనేది ఒక్కడి ఆట కాదు. కబడ్డీలో చెయ్యి చెయ్యి పట్టుకుని చైన్ కడతారు చూడు, ఒక్కడు అర సెకను ఆలస్యం చేస్తే రైడర్ జారిపోతాడు. ఫుట్‌బాల్‌లో పట్టుకోవడానికి చేతులుండవు. పక్కవాడు ఎప్పుడు ముందుకెళ్తాడో, ఎప్పుడు వెనక్కి తగ్గుతాడో చూడకుండానే తెలియాలి. అది పక్కపక్కన ఆడీ ఆడీ రావాల్సిందే తప్ప నెలలో రాదు.

మనకు అది ఉండేది. 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఆడిన ఫైనల్ గుర్తుందా? కుడివైపు ఆశిష్ రాయ్, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా, మధ్యలో చింగ్లెన్‌సానా, జువానన్. 1-1తో మ్యాచ్ పెనాల్టీలకు వెళ్తే మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. అందరికీ ఆ మూడే గుర్తున్నాయి. అంతవరకు కేరళను ఒక్క గోల్‌తో ఆపింది మాత్రం ముందున్న ఆ నలుగురు. ఆ ఏడాదే ఆశిష్ మోహన్ బగాన్‌కు వెళ్లాడు, జువానన్ కూడా పోయాడు. అయినా మిగతావాళ్లు, కోచ్ మనోలో మార్కెజ్ ఉన్నారు కాబట్టి మరుసటి సీజన్లో 20 లీగ్ మ్యాచుల్లో పడ్డవి 16 గోల్సే. ఇద్దరు పోయినా పద్ధతి మిగిలింది. 2023లో మనోలో గోవాకు, ఆకాశ్ ముంబైకి వెళ్లిపోయారు. ఈ జనవరిలో చింగ్లెన్‌సానా బెంగళూరు చేరాడు. ఇక ఎవర్ని చూసి ఎవరు నేర్చుకోవాలి?

దానికి తోడు జీతాల బకాయిలు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. విదేశీ ఆటగాళ్లలో జోవావ్ విక్టర్ తప్ప దాదాపు అందరూ వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లలో చాలామందికి ఐఎస్ఎల్ అనుభవం అంతంత మాత్రమే. నువ్వు తీసి పారేయమన్న అబ్బాయి కూడా ఈ ఏడాదే దిగాడు. ఓడిపోతామని తెలిసీ ప్రతి వారం బూట్లు కట్టుకుని వచ్చాడు. 80వ నిమిషంలో కాళ్లు లాగేస్తున్నా వెనక్కి పరిగెత్తడం చూశాను. పక్కన అరిచి నిలబెట్టే పెద్దవాడు ఒక్కడు లేడు. తిట్టాలంటే, కప్పు గెలిచిన జట్టును రెండేళ్లలో ఈ గతికి తెచ్చిన వాళ్లను తిట్టు, నీతో పాటు నేనూ తిడతాను.

చెన్నైయిన్ ఎఫ్‌సీ మీద గెలిచిన ఆ ఒక్క మ్యాచ్ స్కోరు గమనించావా? 1-0. ఆ రోజు ఈ పిల్లలే ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు.

వచ్చే సీజన్‌కి క్లబ్ ముందు బకాయిలు తీర్చాలి. తర్వాత అనుభవం ఉన్న స్టాపర్ని ఒక్కణ్ని తెచ్చి ఈ కుర్రాళ్ల మధ్య నిలబెట్టి, అదే నలుగురిని వరసగా ఆడించాలి. ఒక గోల్ పడగానే మార్చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

సెలవులకు వచ్చినప్పుడు ఆ ఫైనల్ మళ్లీ పెడతాను. ఈసారి బంతిని వదిలేసి చింగ్లెన్‌సానా ఒక్కణ్నే చూడు. ఎక్కడ నిలబడ్డాడో, ఎవరికి చెయ్యి చూపించాడో చూసి నాకు చెప్పు.

వేళకు తిను. అమ్మ పచ్చడి పంపిస్తానంది.

మీ నాన్న