సుబ్బూ, దొండకాయ దొరికిందిరా!

బోల్టన్, ఇంగ్లండ్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుబ్బూ,

తిట్టేవన్నీ ముందే తిట్టేసుకో, తర్వాత చదువు. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఆషాఢంలో జవాబిస్తున్నాను. మోకాలి ఆపరేషను, ఇంటి పైకప్పు కారడం, మనవడి పరీక్షలు అని చాలా కారణాలు చెప్పొచ్చుగానీ అసలు కారణం బద్ధకం. మోకాలు బాగుంది. మీ చెల్లెమ్మ బాగుంది, షుగరు అదుపులో ఉంది. చిన్నాడు ఉద్యోగం మారాడు. ఇంటి కబుర్లు అయిపోయాయి.

ఇప్పుడు విను. దొండకాయ దొరికింది!

ఫోన్ చేద్దామని రాత్రి నుంచి రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నువ్వు మాటకోసారి "ఆఁ?" అంటావు, నీ చెవి మిషను కుయ్యిమంటుంది, కథ చెడుతుంది. పైగా ఇందులో నేను నీ దగ్గర ఒప్పుకోవాల్సింది ఒకటుంది. అది నోటితో చెప్పడం నావల్ల కాదు. కాగితం మీదైతే ఫరవాలేదు, నీ మొహం కనపడదు.

నిన్న రాత్రి విగన్ పక్కన ఓ చిన్న ఊళ్లో, కార్మికుల క్లబ్బులో సోల్ నైట్ పెట్టారు, అదే, 60ల నాటి అమెరికా నల్లవాళ్ల పాటలకి ఆడే రాత్రి. అమ్మాయి కారులో దింపి "నాన్నా, మోకాలు గుర్తుంచుకో" అని చెప్పి వెళ్లింది. లోపల అందరూ నా ఈడువాళ్లే. ఒకప్పుడు గాల్లో పల్టీ కొట్టినవాళ్లు ఇప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకుని లేస్తున్నారు. గోడకి "నేల మీద పౌడరు చల్లరాదు" అని బోర్డు. అది చూసి నాకు నవ్వొచ్చింది. మా అమ్మ పోస్టులో పంపిన క్యూటికురా డబ్బా నీకు గుర్తుందా? దాన్ని నేనెక్కడ ఖర్చు పెట్టానో నీకెప్పుడూ చెప్పలేదు. విగన్ కెసీనో నేల మీద! పేరే కెసీనో, లోపల డాన్సు క్లబ్బు. కాలు జారుడుగా తిరగాలంటే పౌడరు పడాలి. అందరూ చల్లేవాళ్లే. నేను చల్లిన మూల మాత్రం మా ఇంట్లో పెళ్లిచూపుల గదిలా వాసన కొట్టేది.

అసలు ఆ రోజుల గురించి నువ్వెప్పుడూ సరిగా అడగలేదు, నేనూ సరిగా చెప్పలేదు. నీ దృష్టిలో అది నాకు పట్టిన పిచ్చి. మీ డెట్రాయిట్‌లో పదేళ్ల కిందటే అందరూ మర్చిపోయిన పాటల కోసం, ఇక్కడ బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్లు వారమంతా ఆగి శనివారం రాత్రి తెల్లవార్లూ ఆడుతున్నారంటే నువ్వు నమ్మలేదు. నేనూ నమ్మలేదు, 1976లో మా ఆసుపత్రి పోర్టరు నన్ను లాక్కెళ్లేదాకా. అతనికి మనం పెట్టుకున్న పేరు 'పకోడీ'. పొట్టిగా, గరగరలాడుతూ ఉండేవాడు. ఆపరేషన్ థియేటరుకి స్ట్రెచర్ తోస్తూ కూడా మడమల మీద తిరిగేవాడు. ఓ శనివారం నా డ్యూటీ అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. "డాక్టర్, నిద్రపోవడం రేపు కూడా పోవచ్చు" అన్నాడు.

రాత్రి రెండు గంటలకి తలుపులు తీసేవాళ్లు, పొద్దున్న ఎనిమిదికి మూసేవాళ్లు. 1973 సెప్టెంబరు నుంచి అలా నడిచేది. మందు లేదురా లోపల, లైసెన్సే లేదు. టీ, కోకు, అంతే. పెద్ద పాత బాల్‌రూము. పైన చుట్టూ బాల్కనీ, కింద చెక్క నేల. వందల మంది ఒకేసారి అడుగు వేస్తే నేల కిందనుంచి ఇంకో పాట వస్తున్నట్టుండేది. చెమట ఆవిరై పైకప్పుకి పట్టి, మళ్లీ బొట్లు బొట్లుగా మన నెత్తిన పడేది. అందుకే ప్రతివాడి చేతిలో ఒక సంచి, అందులో తువ్వాలు, మార్చుకోవడానికి చొక్కా. జంటలుగా ఆడేవాళ్లు తక్కువ. ఎవడి ఆట వాడిది. నాలాంటి బిడియస్తుడికి అంతకన్నా ఏం కావాలి? బయట వీధిలో ఆ రోజుల్లో నా రంగు చూసి అనే మాటలు నీకు రాసేవాణ్ని కదా. లోపల ఎవడూ నన్ను "నువ్వెక్కడివాడివి" అని అడగలేదు. "నీ దగ్గర ఏం రికార్డులున్నాయి?" అని అడిగేవాళ్లు.

(అంతా సాత్వికమే అనుకోకు. నిద్ర రాకుండా మాత్రలు మింగేవాళ్లు ఉన్నారు. నాకు కనుపాపలు చూస్తే తెలిసిపోయేది. సోమవారం క్యాజువల్టీలో వాళ్లే ఎదురైతే ఇద్దరం తల దించుకునేవాళ్లం.)

రికార్డుల సంగతికొస్తే, 60ల్లో మీ ఊళ్లో మోటౌన్ రికార్డు కంపెనీ డబ్బు సంపాదిస్తోందని చూసి సందుకో కంపెనీ పుట్టింది. ఒక గ్యారేజీ, నలుగురు వాయిద్యగాళ్లు, ఒక మంచి గొంతు. కొన్ని వందల కాపీలు కొట్టించి రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగేవాళ్లు. ఆడితే ఆడింది, లేకపోతే అట్టపెట్టెల్లో గోదాముకి. ఇక్కడివాళ్లకి కావాల్సింది ఆ పెట్టెలే. జనానికి తెలిసిన హిట్టు పాట పెడితే మొహం తిప్పుకునేవాళ్లు. ఎవరూ విననిది, వేగంగా కొట్టేది, ఏడుపుని గంతులేసి పాడేది కావాలి. దానికి నార్తర్న్ సోల్ అని పేరు పెట్టింది లండన్‌లో రికార్డు షాపు నడిపిన డేవ్ గోడిన్. ఇంగ్లండ్ ఉత్తరాది కుర్రాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్‌కని లండన్ వచ్చి తన షాపులో పాత వేగం పాటలే అడిగేవాళ్లట.

డీజేల మధ్య పోటీ చూస్తే నీకు మన హాస్టల్లో అనాటమీ నోట్సు దాచుకున్న రోజులు గుర్తొస్తాయి. ఒకడికి కొత్త రికార్డు దొరికితే దాని లేబుల్ మీద తెల్ల కాగితం అంటించి, పాటకీ గాయకుడికీ దొంగ పేర్లు పెట్టి వేసేవాడు. కవరప్ అనేవాళ్లు. పక్క క్లబ్బువాడికి అసలు పేరు తెలిసేలోగా ఆర్నెల్లు గడిచేవి. ఫ్రాంక్ విల్సన్ అనే గాయకుడి పాటను కూడా అలాగే ఎడ్డీ ఫాస్టర్ అనే పేరుతో వేశారు. 1965లో మోటౌన్ ఆ పాటకి సుమారు 250 డెమో కాపీలు కొట్టించి, విడుదల చెయ్యకుండా నాశనం చేసేసింది. రెండో మూడో మిగిలాయి. 2009లో అందులో ఒకటి 25,742 పౌండ్లు పలికింది. ఆయన తన మానాన తాను పాటలు చేయించే పనిలో పడి స్థిరపడ్డాడు. పాడినవాళ్లలో చాలామందికి ఈ మూల తమ పాటకి జనం చెమటోడ్చి ఆడుతున్నారనే తెలియదు, పైసా ముట్టలేదు. అది తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ... సరే, మళ్లీ ఎక్కడికో పోతున్నాను.

నీ గారెలు! పార్సెల్ విప్పితే ముందు నీ చీటీ: "ఈ నెల 40 గారెలు. పప్పు నానలేదు." రికార్డులకి మనం పెట్టుకున్న పేరు. అమెరికా 45కి, అంటే నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డుకి, మధ్యలో పెద్ద చిల్లు కదా, మా బిళ్ల పెడితేగానీ ఇక్కడి ప్లేయరు మీద నిలవదు. నువ్వు మంచులో నీ డొక్కు కారేసుకుని పాత సామాన్ల కొట్లు తిరిగి, ఒక్కోటి పది సెంట్లకి ఏరి, నేను రాసిచ్చిన లేబుల్ పేర్లతో సరిచూసి పంపేవాడివి. వినడం నీకు ఇష్టమే లేదు. అయినా ఒక్కోటీ విని, లేబుల్ మీద బాల్‌పెన్‌తో మార్కులేసేవాడివి. బాగుంటే 'గోంగూర'. ఫరవాలేదంటే 'పప్పు'. చెత్తయితే 'దొండకాయ'. "లేబుల్ మీద రాయకురా, ధర పడిపోతుంది" అని నేను నాలుగు ఉత్తరాలు రాశాను. అయిదో పార్సెల్‌లో నువ్వు దొండకాయ పక్కన బొమ్మ కూడా వేశావు.

ఇక నిన్నటి సంగతి. ఆట మధ్యలో మోకాలు సన్నగా మూలిగితే పక్కన రికార్డుల బల్ల దగ్గర కూర్చున్నాను. అవతల ఒకాయన, మన ఈడే, తెల్లగడ్డం. అమ్మకానికున్నవి వేరు, తనవి వేరు. తనవి చిన్న పెట్టెలో ఉన్నాయి, ముట్టుకోనివ్వడు. మాటల్లో పెట్టి అడిగితే ఒక్కొక్కటీ అంచు పట్టుకుని తీసి చూపిస్తున్నాడు. ఒకదాన్ని తీసి "ఇది అరబిక్ కాపీ" అన్నాడు.

"అరబిక్ ఏంటి?"

"ఈ రికార్డు దొరకడమే కష్టం. ఇది ఇంకా ప్రత్యేకం. లేబుల్ మీద అరబిక్‌లో ఏదో రాసుంది. ఎవరో డీజే గుర్తు పెట్టుకున్నాడంటారు. కవరప్ కోడ్ అయ్యుంటుంది. కలెక్టర్లందరికీ దీని సంగతి తెలుసు."

నీలం ఇంకు. లేబుల్‌కి కుడిపక్క, పాట నిడివి అంకెల కింద, కొంచెం ఏటవాలుగా. దొండకాయ. 'డ' కింద నువ్వెప్పుడూ పెట్టే ఆ అక్కర్లేని తోక. పక్కన వేలెడంత కూడా లేని దొండకాయ బొమ్మ, దానికి రెండు చారలు.

సుబ్బూ, నాకు నోట మాట రాలేదు. ఆయన నాకేదో అయిందనుకుని మంచినీళ్లు తెప్పించాడు.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది. 1979లో నువ్వు పంపిన రికార్డుల పెట్టె రైల్లో పోయిందని నీకు రాశాను. పోలేదురా. ఏప్రిల్లో నాన్నకి బాగోలేదని టెలిగ్రాం వచ్చింది. చేతిలో డబ్బు లేదు, జీతానికి ఇంకా పది రోజులు. నిన్ను అడిగితే ఇచ్చేవాడివి, తెలుసు. అప్పుడే మీ అక్క పెళ్లికి పంపి ఉన్నావని అడగలేదు. శనివారం రాత్రి పెట్టె పట్టుకుని కెసీనో బాల్కనీకి వెళ్లాను. అక్కడ రికార్డులు అమ్మేవాళ్లు వరసగా కూర్చునేవాళ్లు. ఒకడు తొందర తొందరగా తిరగేసి మొత్తానికి 180 పౌండ్లు అన్నాడు. బేరం ఆడలేదు. కింద ఎవరిదో పాట మోగుతోంది, పకోడీ నన్ను చూసి చెయ్యి ఊపుతున్నాడు. నేను నోట్లు లెక్కపెట్టుకుంటున్నాను. నువ్వు మంచులో ఏరినవి. అది నీకు ఎలా రాయను? పోయాయని రాస్తే నీకు కోపం రాదు, జాలి వస్తుంది. అందుకే అలా రాశాను. బొంబాయి, మద్రాసు మీదుగా తెనాలి చేరేసరికి నాన్న... అది నీకు తెలుసు.

46 ఏళ్లయింది. ఇప్పుడు తిట్టు.

ఆయనకి మొత్తం చెప్పాను. డెట్రాయిట్‌లో నా స్నేహితుడు, పార్సెళ్లు, బాల్కనీ, అన్నీ. మొదట నమ్మలేదు. కాగితం మీద తెలుగులో రాసి చూపించాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా "దీని అర్థం ఏంటి?" అన్నాడు. ఆ రికార్డుకి ఆయన 1,800 పౌండ్లు పెట్టాడురా! ఏం చెప్పను? "శ్రేష్ఠమైనది" అని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఒక అబద్ధం ఒప్పుకుంటూ ఇంకోటి మొదలుపెట్టడం బాగుండదని నిజం చెప్పేశాను. కూరగాయ. మా స్నేహితుడికి నచ్చని కూర. ఈ పాట బాలేదని వాడి తీర్పు.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. పెట్టె పట్టుకుని డీజే దగ్గరికి పోయి ఏదో చెవిలో ఊదాడు. ఓ పది నిమిషాలకి మైకులో "నెక్స్ట్, ది డోండకాయా!" అని వినిపించింది. జనం ఒక్కసారిగా నేల మీదికొచ్చేశారు. నేనూ లేచాను, మోకాలు గీకాలు మర్చిపోయి. పాట పేరు నీకు చెప్పినా లాభం లేదు, నీకు గుర్తుండదు. కానీ ఒక్క మాట. ఆ పాట బంగారంరా. నీ చెవులకి ఆనాడే మిషను పెట్టించాల్సింది.

ఇంకో సంగతి. ఆయన పెట్టెలో నీ చేతిరాతవి ఇంకేమైనా ఉన్నాయేమోనని అడిగాను. లేవట. కానీ లీడ్స్‌లో ఎవరి దగ్గరో "అరబిక్" రాతవి రెండున్నాయని విన్నాడట, ఫోటోలు తెప్పిస్తానన్నాడు. అవి గోంగూరలైతే ఎంత చెబుతారో ఊహించుకో. ఆయన నీకో ప్రశ్న పంపాడు. ఆ దొండకాయ ఏ కొట్లో దొరికింది, ఏ రోడ్డు మీద? వుడ్‌వర్డ్ మీద ఆ ముసలావిడ కొట్టా, నీ కారు చెడిపోయిన రోజు వర్కుషాపు పక్కన కొన్నదా? బాగా గుర్తు చేసుకుని రాయి. ఈ వయసులో నువ్వు కల్పించి రాసినా నాకు తెలిసిపోతుంది, ఆ 'డ' తోకలాగే.

అమ్మాయి హారన్ కొడుతోంది, గుడికి వెళ్లాలిట. ఇంకా పకోడీ సంగతి చెప్పనేలేదు, అతను కూడా నిన్న అక్కడే ఉన్నాడు.