నాణ్యత స్లైడర్ కదిపితే బట్టే మారిపోతోంది: మీ డ్రేపింగ్ సాధనంపై ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం వారికి,
నకలు: వస్త్ర సిమ్యులేషన్ ఇంజినీరింగ్ బృందానికి

విషయం: కొత్త వెర్షన్‌లో పాత్రల దుస్తులు జాలువారే తీరు నాణ్యత అమరికను బట్టి మారిపోవడం, పాత ఫైళ్లు చెడిపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

నేను పుస్తకాల ముఖచిత్రాలు వేసే స్వతంత్ర చిత్రకారిణిని. మీ వార్షిక లైసెన్సుదారుని. బట్ట ఒంటిమీద జాలువారే తీరును కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపే మీ సాఫ్ట్‌వేర్‌లో పాత్రను భంగిమలో నిలబెట్టి, దుస్తులు తొడిగి, అవి ఒంటిమీద జారి నిలదొక్కుకునే దాకా సిమ్యులేషన్ నడిపి, ఆ ఆకారం మీద రంగు వేస్తాను. మడతలు ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగాయన్నదే నా బొమ్మలకు ప్రాణం. ఈ సమస్య గురించి మీ సహాయ విభాగానికి ఇదివరకే రాశాను. "నాణ్యత స్లైడర్‌ను పెంచి చూడండి" అని జవాబిచ్చారు. నా ఫిర్యాదంతా ఆ స్లైడర్ మీదేనని వారు గమనించినట్టు లేదు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

పొడవాటి అంగీ తొడుక్కున్న ఒక పాత్రను ఈ మధ్య సిద్ధం చేశాను. పని చేసుకునేటప్పుడు అందరూ చేసేదే చేశాను: నాణ్యత తక్కువలో పెట్టుకుని బట్ట గుణాలు సరిచూసుకున్నాను. బరువైన ఉన్ని కావాలి. భుజం మీంచి రెండు మూడు పెద్ద మడతలుగా దిగి, మోచేతి దగ్గర ఒకసారి విరగాలి. అది కుదిరింది. తుది రెండర్ (పూర్తి చిత్రం) కోసం నాణ్యతను గరిష్ఠానికి జరిపాను. ఉన్ని కాస్తా అట్టముక్క అయింది. మోచేతి దగ్గర విరగాల్సిన మడత విరగలేదు, అంచు గాల్లో నిలబడింది. ప్రీసెట్ (ముందే అమర్చి ఉంచిన బట్ట గుణాలు) పేరు అదే, అంకెలు అవే, బట్ట మాత్రం వేరు.

ఇది నా ఒక్క ఫైలు జబ్బేమోనని మీరు అనుకోకుండా ఒక ప్రామాణిక పరీక్ష కూడా చేశాను. బట్ట ఎలా జాలువారుతుందో కొలవడానికి వస్త్ర ప్రయోగశాలల్లో కుసిక్ డ్రేప్‌మీటర్ అనే పరికరం వాడతారు. 18 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ల మీద 30 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా కత్తిరించిన గుడ్డను పరుస్తారు. బిళ్ల దాటిన భాగం కిందికి వాలి అలలు అలలుగా మడతలు పడుతుంది. దాని నీడ వైశాల్యం కొలిచి, ఆ వేలాడే వలయం చదునుగా ఉంటే ఎంత చోటు ఆక్రమించేదో, వాలాక అందులో ఎంత శాతం మిగిలిందో లెక్క కడతారు. శాతం ఎక్కువైతే బిరుసు బట్ట, తక్కువైతే మెత్తటి బట్ట. ఇంత సులువైన పరీక్షను మీ సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా నిమిషాల్లో తయారు చేసుకోవచ్చు. ఒక బిళ్ల, ఒక గుండ్రటి గుడ్డ, మీ 'పట్టు' ప్రీసెట్. నాణ్యత తక్కువలో గుడ్డ తడిసినట్టు బిళ్ల అంచుకు అతుక్కుని కిందికి సాగింది. మధ్యస్థంలో చక్కటి అలలు పడ్డాయి. గరిష్ఠంలో రెండే రెండు వెడల్పాటి వంపులు, మిగతా అంచంతా దాదాపు చదును. మూడు నీడలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇవి మూడు వేర్వేరు బట్టలనే ఎవరైనా చెబుతారు. ఫైళ్లు జతచేశాను.

కారణం పెద్ద రహస్యం కాదు. మీ సాధనం స్థానాధారిత డైనమిక్స్ మీద నడుస్తుందని మీ మాన్యువలే చెబుతోంది. 2006లో మథియాస్ ముల్లర్ బృందం ప్రతిపాదించిన పద్ధతి అది. వేగంగా నడుస్తుంది, లెక్క తేలిగ్గా అదుపు తప్పదు, కాబట్టి మీరు దాన్ని ఎంచుకోవడాన్ని నేను తప్పుపట్టను. అయితే ఈ పద్ధతిలో బట్ట లోపలి బలాలు లెక్క కట్టరు. మెష్‌లోని, అంటే బట్టను సూచించే బిందువుల వలలోని, రెండు బిందువుల మధ్య దూరం ఉండాల్సినంత లేకపోతే వాటిని నేరుగా దగ్గరికో దూరానికో జరుపుతారు. ఇలా విడతలు విడతలుగా సవరిస్తారు. ఒక్కో సవరణ ఎంత గట్టిగా ఉండాలో సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె చెబుతుంది. మీరు 'బిగువు' అని పిలుస్తున్నది ఆ అంకెనే. అది 0.5 అనుకుందాం. రెండు బిందువుల జత ఒక్కటే ఉంటే, ఒక విడత తరవాత సగం తప్పు మిగులుతుంది. పది విడతల తరవాత మిగిలేది వెయ్యో వంతు కన్నా తక్కువ. అంటే అదే 0.5 ఒక విడతలో రబ్బరు, పది విడతల్లో దాదాపు తీగ. మీ నాణ్యత స్లైడర్ లోలోపల పెంచుతున్నది ఈ విడతలనే.

దీన్ని నేను కనిపెట్టలేదు. బిగువు విడతల సంఖ్యను బట్టి మారుతుందని ఆ పద్ధతిని ప్రతిపాదించిన పరిశోధన పత్రం రాసినవారే అందులో చెప్పారు. విడతల ప్రభావం పోయేలా అంకెను సవరించే సూత్రం కూడా ఇచ్చారు. అది పెట్టుకున్నా కాలపు అడుగు (లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే చిన్న కాలవ్యవధి) మారితే బిగువు మారుతూనే ఉంటుందని కూడా దాచకుండా రాశారు. ఆ మిగిలిన లోటును 2016లో మైల్స్ మాక్లిన్, ముల్లర్, చెంతానెజ్ కలిసి పూరించారు. బిగువు అంకె స్థానంలో దానికి విలోమమైన 'లొంగుబాటు' అనే భౌతిక రాశిని తెచ్చి, విడతలూ కాలపు అడుగూ ఏవైనా బట్ట గుణం ఒక్కటిగానే ఉండేట్టు చేశారు. దాని పేరు ఎక్స్‌పీబీడీ, అంటే విస్తరించిన స్థానాధారిత డైనమిక్స్. పత్రం బహిరంగంగానే ఉంది, సమీకరణం కూడా చిన్నదే. ఇన్నేళ్ల తరవాత విడుదలైన కొత్త వెర్షన్‌లో పాత పద్ధతినే ఉంచి, పైన 'నాణ్యత' అని పేరు పెట్టి అమ్మడం నాకు మింగుడు పడటం లేదు. వెలుతురు పెంచితే పొట్టిదయ్యే టేపుతో ఏ దర్జీ అయినా కొలతలు తీయగలడా?

ఇక్కడితో ఆగలేదు. మెష్‌ను ఎక్కువ ముక్కలు చేస్తే సరిగ్గా దీనికి ఎదురు తిరుగుతుంది. బిందువులు పెరిగాయి కాబట్టి ఒక చివర జరిగిన సవరణ మరో చివరకు చేరడానికి ఎక్కువ విడతలు కావాలి. విడతలు పెంచకపోతే బట్ట సాగుతుంది. భుజాల దగ్గర, నడుము పట్టీ దగ్గర, బట్టను గట్టిగా పట్టి ఉంచే ప్రతి చోటా ఆ సాగుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బట్టను స్ప్రింగుల వలగా లెక్కగట్టే నమూనాలో ఈ రబ్బరు సాగుడు వస్తుందని ప్రోవో అనే పరిశోధకుడు 1995లోనే గుర్తించి, దాన్ని అదుపు చేసే మార్గం రాశారు. మీ దగ్గర మాత్రం సన్నటి మడతల కోసం మెష్ పెంచితే గౌను పొడుగవుతుంది, గౌను పొడవు తగ్గించబోతే విడతలు పెంచాలి, పెంచగానే మడతలు పోతాయి. ఈ చక్రంలో ఏ మెట్టు దగ్గర ఆగాలో మీ మాన్యువల్‌లో ఒక్క వాక్యం కూడా లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం పాత ఫైళ్ల వల్ల కలిగింది. ప్రచురణకర్త ఆమోదించిన ఒక ముఖచిత్రంలో చెయ్యి కొద్దిగా పైకెత్తమని అడిగారు. ఫైలు తెరిచాను. కొత్త వెర్షన్ నన్ను ఏమీ అడగకుండా దుస్తులన్నిటినీ మొదటి నుంచి మళ్లీ సిమ్యులేట్ చేసింది. ఆమోదం పొందిన అంగీ మాయమైంది. దాని స్థానంలో ఆ ఫైలులో నేను ఎన్నడూ చూడని ఆకారం ఒకటి వచ్చింది. చెయ్యి కదిలితే భుజం దగ్గర మడత మారుతుంది, అది నాకు తెలుసు. పాదాల దగ్గర అంచు ఎందుకు మారాలి? పాత వెర్షన్ ఫలితాన్ని ఫైలులోనే ఉంచాలి. మళ్లీ నడపాలా వద్దా అని అడగాలి. ఈ రెండూ చేయకపోవడం సాంకేతిక పరిమితి కాదు, వినియోగదారు పని మీద లెక్కలేనితనం.

కొలతల సంగతి కూడా చెప్పాలి. బయటి నుంచి తెచ్చుకున్న పాత్రల ఎత్తు 170 అని ఉంటే మీ సాధనం దాన్ని మీటర్లుగా తీసుకుంటోంది. నూట డెబ్బై మీటర్ల మనిషి! బట్టకు తనదైన ఒక పొడవు ఉంటుంది. గుడ్డ పట్టీని బల్ల అంచు దాటించి వేలాడదీసి అది ఎంత పొడవుకు వాలుతుందో కొలిచే పద్ధతిని పియర్స్ అనే వస్త్ర పరిశోధకుడు 1930లోనే స్థిరపరిచారు. అలా తేలిన వంపు పొడవును ఘనం చేసి (అదే అంకెను మూడుసార్లు వేసి గుణించి) చదరపు మీటరు బట్ట బరువుతో హెచ్చిస్తే వంపు బిగువు వస్తుంది. మడత ఎంత వెడల్పుగా ఉంటుందో చాలావరకు తేల్చేది ఇదే. బట్ట మారకుండా మనిషి మాత్రం వంద రెట్లు పెరిగితే, ఒంటితో పోల్చినప్పుడు మడతలు వంద రెట్లు సన్నబడతాయి. డెనిమ్ కోటు పలచటి షిఫాన్‌లా కనిపించడానికి కారణం ఇదే. పైగా అది వాలడానికి పది రెట్లు ఎక్కువ సమయం తీసుకుంటుంది, నీళ్లలో మునిగినట్టు. 'ఈ పాత్ర ఎత్తు మీటర్లా, సెంటీమీటర్లా?' అని ఒక్క ప్రశ్న అడిగితే తీరిపోయే సమస్య ఇది.

ఇంకొకటి. మీ దగ్గర సాగుడుకు ఒకే స్లైడర్ ఉంది. నేసిన బట్ట పడుగు వెంటా పేక వెంటా పెద్దగా సాగదు, ఐమూలగా లాగితే మాత్రం తేలిగ్గా లొంగుతుంది. ఐమూలగా కత్తిరించిన స్కర్టు ఒంటికి అంటిపెట్టుకుని దిగడానికి మూలం ఇదే. అన్ని వైపులకూ ఒకే బిగువు ఇస్తే ఏ స్కర్టూ అలా దిగదు. పడుగు, పేక, ఐమూల, ఈ మూడింటి బిగువునూ విడివిడిగా ఇవ్వండి.

చంకల దగ్గర బట్ట శరీరంలోకి చొచ్చుకుపోవడం, భుజానికీ బట్టకూ మధ్య వెలుతురు కనిపించేంత సందు మిగలడం వంటివి కూడా ఉన్నాయి. అవి అన్ని సాధనాల్లోనూ ఎంతో కొంత ఉంటాయి, కుంచెతో సరిదిద్దుకోగలను. వాటి మీద నాకు పేచీ లేదు.

నేను కోరుతున్నవి ఇవి. బట్ట గుణాన్ని నాణ్యత అమరిక నుంచి పూర్తిగా విడదీయండి. చదరపు మీటరుకు బరువు గ్రాముల్లో, వంపు బిగువు, పడుగు పేకల సాగుడు, ఐమూల లొంగుబాటు నిజమైన ప్రమాణాల్లో రాసుకునే వీలు కల్పించండి. అది వచ్చే లోపు కనీసం ఆ స్లైడర్ పక్కన 'దీన్ని మార్చితే బట్ట బిగువు మారుతుంది' అని హెచ్చరిక పెట్టండి. రాత్రంతా రెండర్‌కు పెట్టి పొద్దున్నే అట్టముక్కను చూసుకునే బాధ మరొకరికి తప్పుతుంది. పాత ఫైళ్లలో స్థిరపడిన దుస్తులను నా అనుమతి లేకుండా ముట్టుకోని సవరణను వెంటనే విడుదల చేయండి. ఆ సవరణ వచ్చే దాకా పాత వెర్షన్‌ను మళ్లీ దించుకునే అవకాశం ఇవ్వండి. ప్రస్తుతం మీ ఖాతా పేజీలో ఆ లింకు తీసేశారు. ఈ వెర్షన్‌కు మారడానికి చెల్లించిన రుసుమును తిరిగి ఇవ్వాలని కూడా అడుగుతున్నాను. చెల్లించింది మెరుగుదలకు, నా చేతిలో ఉన్న పనిని పోగొట్టుకోవడానికి కాదు.

ఈ లేఖకు జవాబు సహాయ విభాగం నుంచి కాక, సిమ్యులేషన్ రాసే ఇంజినీర్ల నుంచి రావాలని కోరుతున్నాను. బిళ్ల మీద గుడ్డ ఫైలును మూడు అమరికల్లోనూ నడిపి చూశాకే జవాబు రాయండి. మూడుసార్లూ మీకు ఒకే నీడ వస్తే, ఏ అమరికలతో వచ్చిందో తెలపండి, అవే పెట్టుకుంటాను. రాకపోతే సవరణ ఎప్పటికి వస్తుందో తేదీతో సహా రాయండి.

ఇట్లు,
భవదీయురాలు,
మీ వార్షిక లైసెన్సుదారు

జతపరచినవి: మూడు నాణ్యత అమరికల్లో బిళ్ల పరీక్ష ఫైళ్లు, వాటి నీడ చిత్రాలు, ఆమోదం పొందిన అంగీ చిత్రం, కొత్త వెర్షన్‌లో తెరిచాక అదే ఫైలు చిత్రం, సహాయ విభాగం ఇచ్చిన జవాబు నకలు.