బుజ్జిగాడి మిషన్ సంగతి

చి.ల.సౌ. సుజాతకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. గేదె ఈనింది, పెయ్యదూడ. నాన్న మోకాలి నొప్పి కాస్త నయం. కొత్తావకాయ సూరి బాబాయి చేత పంపుతున్నా, తడి గరిటె పెట్టకు. రాజీ పెళ్ళయ్యాక నీ ఫోనే లేదు. పెళ్ళిలో బుజ్జిగాడికి చెవి మిషన్ లేదని పెద్దక్క అంది. బాజాలకు ఏడ్చాడేమో అనుకున్నా. ఇంట్లోనూ మధ్యాహ్నాలు తీసేస్తున్నారట, నిజమేనా?

వాడికి రాగిజావ ఇస్తున్నావా? చిక్కాడన్నారు.

పోయినసారి వాడికి వినడం, మాటలు నేర్పే థెరపీకి నేనొచ్చినప్పుడు నువ్వు మందుల షాపుకి వెళ్ళావు, చూడలేదు. మేడం వాడి వెనక కూర్చుని, నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ‘ఆ’ అంది. వాడు రింగు చెంప దగ్గర పట్టుకుని విని, పుల్లకి తొడిగాడు. ‘ఊ’కి, ‘ఈ’కి, ‘మ్’కి తొడిగాడు. ‘ష్’కి కాస్త ఆగి తొడిగాడు. ‘స్’ అంటే మాత్రం రింగు చెంప దగ్గరే ఉండిపోయింది. మళ్ళీ అంది, కదల్లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ‘స్’ బాగా సన్నటి శబ్దం, మన చెవిలో వేల కణాలు చేసే పని వీడికి చెవి లోపల పెట్టిన 22 ఎలక్ట్రోడ్లు, అంటే సన్నటి కరెంటు కొసలు, చేస్తున్నాయి, అవి పంపేదేమిటో మెదడు విని విని పోల్చుకోవాలి అంది మేడం. సబ్బుని ‘అబ్బు’ అనేది అందుకేనట. ఇప్పుడైనా ‘స్’ పలుకుతున్నాడా?

మిషన్ తీసేస్తే ఆ వినడం ఎక్కడ జరుగుతుందే? అమెరికాలో కొలరాడో యూనివర్సిటీలో అను శర్మ అనే ఆవిడ పరిశోధన గురించి నాన్న చదివి వినిపించారు. మూడున్నరేళ్ళ లోపు ఇంప్లాంట్, అదే మన వాడికిలా ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టేది, పెట్టిన పిల్లల్లో చాలామందికి శబ్దానికి మెదడు స్పందించే వేగం మామూలు పిల్లలంత అవుతుందట. ఏడేళ్ళు దాటాక పెడితే ఆ వేగం రావడం కష్టమట. శబ్దం అందకపోతే, ఖాళీ స్థలంలో పక్కవాళ్ళు గోడ కట్టేసుకున్నట్టు, వినికిడికి ఉన్న చోటుని చూపు వాడేసుకుంటుందట. మన వాడికి రెండేళ్ళకే పెట్టించాం. ఆరోగ్యశ్రీ కాగితాలకు మీ నాన్న ఎండలో ఎంత తిరిగారో నీకు తెలుసు. ఆ తొందరంతా దీనికోసమే కదా.

నీకు పని ఎక్కువని తెలుసు, సతాయించడం కాదు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఉంచు, స్నానానికి తియ్యి. తలకి అంటుకునే కాయిల్ బిళ్ళ జారిపోతుంటే హెడ్‌బ్యాండ్ పెట్టు. శబ్దాలకు ఏడిస్తే తీసెయ్యకుండా, మిషన్ శబ్దం వాడికి సరిపడా సరిచేసే మ్యాపింగ్ చేయించు. వంట చేస్తూ వాడితో మాట్లాడు. ఉల్లిపాయ కోస్తున్నా, నీళ్ళు పోస్తున్నా అని చెప్తూనే ఉండు, టీవీ కట్టేసి. రాత్రి మిషన్‌ని తేమ లాగేసే డ్రై బాక్సులో పెట్టు, వానాకాలం వస్తోంది.

మీ అత్తగారికి నేను రాసినట్టు చెప్పకు. ఆవకాయ ఇచ్చేటప్పుడు వాడికి మిషన్ ఉందో లేదో చూసి రమ్మని బాబాయికి చెప్పాను. కోప్పడకు.

మీ అమ్మ